నాన్న సబ్‌మెరైన్‌లో ఉన్నప్పుడు పిల్లల బెంగ: గాజువాక నుంచి అడిగిన ఒక తల్లికి జవాబు

మిగతావాళ్ళకి కూడా అర్థం కావడానికి మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తున్నానమ్మా. మీవారు నేవీలో సబ్‌మెరైన్ మీద పనిచేస్తారు. సెయిలింగ్‌కి వెళ్ళి నెల దాటింది. మీరు గాజువాకలో అత్తమామలతో ఉంటున్నారు. నాలుగో తరగతి చదివే బాబుకి పొద్దున్న స్కూల్ వేళకి కడుపునొప్పి వస్తోంది, మూడేళ్ళ క్రితమే మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. ఎనిమిదో తరగతి పాప నాన్న పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది. ఆయన వెళ్ళే ముందు రోజు ఏదో చిన్న విషయానికి ఆయనతో పెద్ద గొడవ పెట్టుకుంది. ఇవి చాలవన్నట్టు వేసవిలో ముంబై ట్రాన్స్‌ఫర్ ఉండొచ్చంటున్నారు. పిల్లల్ని ధైర్యంగా ఎలా తయారుచేయాలి అన్నది మీ ప్రశ్న.

నేను విశాఖలో చాలా ఏళ్ళు స్కూల్ కౌన్సిలర్‌గా పనిచేశాను. మల్కాపురం, సింధియా, ఎన్‌ఏడీ వైపు నుంచి వచ్చే నేవీ పిల్లల్ని, తండ్రి కశ్మీర్‌లోనో అస్సాంలోనో ఉంటే తల్లితో ఇక్కడ అద్దెకుండే శ్రీకాకుళం, విజయనగరం జవాన్ల పిల్లల్ని దగ్గరగా చూశాను. మావారు కూడా నేవీలో చేసి రిటైరయ్యారు.

మీరు మధ్యలో ఒక మాట రాసి దాటేశారు. నా జవాబంతా దాని చుట్టూనే ఉంది. "మా మామయ్యగారు బాబుకి రోజూ ధైర్యం చెబుతారు, మీ నాన్న వచ్చేదాకా ఈ ఇంటికి నువ్వే మగదిక్కురా అంటారు" అని రాశారు. పెద్దాయన ప్రేమతోనే అంటున్నారు, అందులో అనుమానం లేదు. కానీ తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఆ మాటని అక్షరాలా నమ్ముతాడు. అమ్మనీ అక్కనీ తాతనీ నాన్నమ్మనీ తనే చూసుకోవాలనుకుంటాడు. తను స్కూల్‌కి వెళ్ళాక ఇంట్లో ఏమైనా అయితే తనదే తప్పనుకుంటాడు. పొద్దున్న బ్యాగ్ తగిలించుకునే వేళకి కడుపు పట్టేయడంలో ఆశ్చర్యం ఏముంది?

కొన్నేళ్ళ క్రితం నా దగ్గరికి ఇలాంటి బాబునే తీసుకొచ్చారు. క్లాసులో నిద్రపోతున్నాడని టీచర్ కంప్లైంట్. మాట్లాడుతుంటే నిక్కరు జేబు బరువుగా వేలాడుతోంది. ఏముందిరా అంటే ఇంటి తాళాల గుత్తి తీసి బల్ల మీద పెట్టాడు. రాత్రి అందరూ పడుకున్నాక లేచి గడియ చూస్తాడట, గ్యాస్ సిలిండర్ నాబ్ చూస్తాడట, మళ్ళీ అనుమానమొచ్చి ఇంకోసారి చూస్తాడట. వాళ్ళమ్మకి ఇందులో ఒక్కటీ తెలియదు. "ఇంటి తాళాలు అమ్మ దగ్గరుంటాయి, గ్యాస్ అమ్మ చూసుకుంటుంది, నీ పని ఆడుకోవడం, చదువుకోవడం" అని తల్లి రోజూ పడుకునే ముందు చెప్పడం మొదలుపెట్టింది. మెల్లగా వాడు నిద్రపోయాడు. నాకు ఆ పిల్లవాడు పిరికివాడిలా అనిపించలేదు. వాడి వయసుకి మించిన డ్యూటీ వాడి మీద పడింది, అంతే.

కాబట్టి మొదటి పని, మామయ్యగారితో నెమ్మదిగా మాట్లాడండి. "మీరు అలా అనకండి" అంటే పెద్దాయన నొచ్చుకుంటారు. "మామయ్యా, వాడు రాత్రిళ్ళు భయపడుతున్నాడు, మీరే ఇంటికి పెద్ద దిక్కని వాడికి చెప్పండి, మీ మాటైతే వింటాడు" అని అడిగి చూడండి. ఆయన గౌరవం ఆయనకుంటుంది, బాబు భుజాల మీద బరువు దిగుతుంది. మీ నోటితో మీరూ బాబుకి చెప్పండి: "నాన్న పని నాన్నది, అమ్మ పని అమ్మది, నువ్వు పిల్లాడివి." ఒక్కసారి చెబితే చాలదు. పిల్లలు ఇలాంటివి పదిసార్లు వింటే గానీ నమ్మరు.

ఇదంతా బెంగ అని తేల్చేసే ముందు బాబుని డాక్టర్‌కి చూపించండి. ఆరు నెలలకు మించి మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైతే మనసులో ఏదో ఉందనుకోవడం సహజమే, కానీ మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఎక్కువ దాహం వేస్తుంటే షుగర్, ఇవన్నీ కాదని తేలాలి. యూరిన్ పరీక్ష, అవసరమైతే రక్తంలో షుగర్ పరీక్ష, పెద్ద ఖర్చు కాదు. డిపెండెంట్ కార్డ్ ఉంటుంది కాబట్టి ఇక్కడి నేవీ ఆసుపత్రి ఐఎన్‌హెచ్‌ఎస్ కళ్యాణిలోనే చూపించవచ్చు. కడుపునొప్పికీ అంతే. ఆదివారాలు, సెలవు రోజుల్లో నొప్పి లేకపోతే డాక్టర్‌తో ఆ సంగతి చెప్పండి, చాలా ఉపయోగపడుతుంది. పరీక్షల్లో ఏమీ లేదని వచ్చినా "నాటకాలాడుతున్నావు" అని మాత్రం అనకండి. టెన్షన్‌తో వచ్చే కడుపునొప్పి నిజమైన నొప్పే. వేడినీళ్ళ సంచి పెట్టి, ఒక పావుగంట పక్కన కూర్చుని, ఆ తర్వాత స్కూల్‌కి పంపండి. ఇంట్లో ఉంచేస్తే ఆ రోజుకి నొప్పి తగ్గుతుంది, మర్నాటికి స్కూల్ ఇంకా పెద్ద కొండలా కనబడుతుంది.

తడిసిన దుప్పటి గురించి ఒక్క మాట. మేడ మీద నలుగురికీ కనబడేలా ఆరేయొద్దు. పక్కింటి పిల్లలు అడిగితే వాడు చచ్చిపోయినంత సిగ్గుపడతాడు. వాడితోనే బకెట్‌లో వేయించి, ఇంకేమీ మాట్లాడకుండా పని కానిచ్చేయండి. మీ అత్తగారు దిష్టి తీస్తున్నారని ఇబ్బందిగా రాశారు. తీయనివ్వండి. నాన్నమ్మ తన కోసం ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని నిలబడడం పిల్లవాడికి హాయిగానే ఉంటుంది. డాక్టర్ దగ్గరికి వెళ్ళడం మానకపోతే చాలు.

ఇక ఫోన్ సంగతి. "నాన్న ఎందుకు ఫోన్ చెయ్యడు" అని బాబు అడిగితే "బిజీగా ఉన్నారు" అంటున్నానన్నారు. దయచేసి ఆ మాట వద్దు. నాన్నకి తనకంటే ముఖ్యమైన పనులున్నాయని పిల్లవాడికి అర్థమవుతుంది. నిజం చెప్పండి, నిజం ఇక్కడ చాలా సులువుగా చెప్పొచ్చు. ఉప్పునీరు రేడియో తరంగాల్ని మింగేస్తుంది. మన ఫోన్ సిగ్నల్ సముద్రం లోపలికి వెళ్ళదు. చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉన్న తరంగాలు మాత్రం కొన్ని మీటర్ల లోతు దాకా వెళ్తాయి. వాటిని పంపడానికి తమిళనాడులో తిరునల్వేలి జిల్లాలో ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ అనే నేవీ కేంద్రం ఉంది. వికారాబాద్ దగ్గర దామగుండంలో 2024 అక్టోబర్‌లో శంకుస్థాపన జరిగింది, పేపర్లలో రాడార్ స్టేషన్ అని చదివే ఉంటారు, అది కూడా ఇలాంటి కేంద్రమే. ఆ దారిలో చిన్న చిన్న సందేశాలు సబ్‌మెరైన్‌కి చేరతాయి తప్ప అక్కడి నుంచి ఇంటికి కబుర్లు చెప్పుకోవడం కుదరదు. తొమ్మిదేళ్ళ వాడికి ఇదంతా భలే ఆసక్తిగా ఉంటుంది. నాన్న చేయట్లేదని అనుకోవడానికీ సిగ్నల్ నీళ్ళలోకి రాదని తెలియడానికీ పిల్లవాడి మనసులో చాలా తేడా ఉంది.

వీలైతే ఒక ఆదివారం ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకి తీసుకెళ్ళండి. వైజాగ్ వాళ్ళమంతా చుట్టాలొస్తే చూపించడానికి వెళ్ళేదే, కానీ మీ బాబుకి అది వేరే సంగతి. 1969లో నేవీలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి మ్యూజియంగా ఉన్న అసలు సబ్‌మెరైన్ అది, 91 మీటర్ల పొడవు. లోపల చూపించేవాళ్ళలో నేవీ నుంచి రిటైరైనవాళ్ళు ఉంటారు. వాళ్ళని అడగనివ్వండి: ఎక్కడ పడుకుంటారు, అన్నం ఎక్కడ వండుతారు, పగలో రాత్రో ఎలా తెలుస్తుంది, భయం వేస్తుందా. నాన్న ఉండేది ఇంతకంటే కొత్తదని చెప్పండి. నాన్న ఎక్కడున్నాడో ఊహించుకోలేని పిల్లవాడి బుర్రలో టీవీ బొమ్మలు తిరుగుతాయి. ఒక మంచం, ఒక వంటగది, ఒక టీ గ్లాసు కళ్ళతో చూస్తే ఊహ వాటి దగ్గర ఆగుతుంది.

క్యాలెండర్‌లో నాన్న వచ్చే తేదీకి గుండ్రం చుట్టారని రాశారు. అది తీసేయమంటాను. సెయిలింగ్ తేదీలు మారతాయని నాకంటే మీకే బాగా తెలుసు. చుట్టిన తేదీ దాటిపోయిన రోజు పిల్లలకి నాన్న మాట తప్పినట్టే ఉంటుంది. వెనక్కి లెక్కపెట్టే బదులు ముందుకు లెక్కపెట్టించండి. ఒక నోట్‌బుక్ కొని, ప్రతి ఆదివారం రాత్రి ఆ వారం జరిగినవి రాయమనండి, బొమ్మలేయమనండి, స్కూల్లో ఇచ్చిన స్టార్ అతికించమనండి. నాన్న ఎప్పుడొచ్చినా అన్ని వారాల కబుర్లూ సిద్ధంగా ఉంటాయి. "ఎప్పుడొస్తారు" అంటే "తేదీ మనకి చెప్పరు, నాన్న వాళ్ళు క్షేమంగా ఉండడం కోసమే చెప్పరు, వచ్చే ముందు తెలియగానే నీకు చెప్తాను" అనండి. మీకు సుమారుగా తెలిసినా స్నేహితులకి చెప్పొద్దని, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టొద్దని పాపకి కూడా వివరించండి. కారణం చెప్తే ఆ వయసు పిల్లలు బాధ్యతగానే ఉంటారు.

మళ్ళీ సెయిలింగ్‌కి వెళ్ళే ముందు మీవారి చేత ఫోన్‌లో కొన్ని రికార్డు చేయించి పెట్టుకోండి. కథ చెప్పనక్కర్లేదు. "పళ్ళు తోముకున్నావా, సరే పడుకో నాన్నా" అన్న మామూలు మాట చాలు.

స్కూల్‌లో క్లాస్ టీచర్‌కి సంగతి చెప్పారా? నేవీ చిల్డ్రన్ స్కూల్లోనో, నేవీ వాళ్ళు ఎక్కువగా ఉండే కేంద్రీయ విద్యాలయంలోనో అయితే టీచర్లకి ఇది అలవాటు. మీవాళ్ళది గాజువాకలో మామూలు ప్రైవేట్ స్కూల్. అక్కడ నాన్న నెలల తరబడి ఇంట్లో లేడంటే పిల్లలు రకరకాలుగా అనుకుంటారు, టీచర్లు కూడా. ప్రోగ్రెస్ కార్డ్ మీద తండ్రి సంతకమే కావాలని పట్టుబట్టొద్దని, పేరెంట్స్ మీటింగ్‌కి "మీ డాడీ రాలేదా" అని నలుగురిలో అడగొద్దని ముందే చెప్పుకోండి. కడుపునొప్పి వస్తే ఐదు నిమిషాలు నీళ్ళు తాగి కూర్చోవడానికి వాడికి ఒక చోటు చూపించమనండి. ఏ టీచరూ కాదనదు.

ఇప్పుడు పాప. నిజానికి నాకు బాబు కంటే ఈ పాప గురించే ఎక్కువ ఆలోచనగా ఉంది, ఎందుకంటే ఆమె ఏమీ అడగట్లేదు.

వెళ్ళే ముందు గొడవ పడడం సైనిక కుటుంబాల్లో ఎంత మామూలో మీకు తెలిస్తే కొంత ఊరట కలుగుతుంది. అమెరికా నేవీ కుటుంబాలతో పనిచేసిన కాథ్లీన్ లోగన్ 1987లో దీని గురించి రాశారు. ప్రయాణానికి ముందు వారాల్లో కోపతాపాలు, చివరి రోజుల్లో మనసులు దూరం జరగడం, వెళ్ళాక కొన్నాళ్ళు గందరగోళం, తర్వాత కుదురుకోవడం, వచ్చే ముందు ఆరాటం, వచ్చాక మళ్ళీ సర్దుకోవడం, ఇలా దశలుగా చెప్పారు. ఆమె రాసింది భార్యల గురించే, అయినా పిల్లల్లోనూ నేను ఇదే చూశాను. ప్రేమగా ఉన్న మనిషిని పంపడం కష్టం, కోపంతో ఉన్న మనిషిని పంపడం సులువు. మీ పాప చేసింది అదే. ఇప్పుడు నాన్నతో చివరిగా అన్న మాట ఆమెని తింటూ ఉంటుంది. సముద్రంలో ఉన్న మనిషికి సారీ చెప్పడానికి ఫోన్ కూడా లేదు. అందుకే ఆయన పేరెత్తితే లేచి వెళ్ళిపోతోంది.

ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది చెప్పు" అంటే పదమూడేళ్ళ పిల్ల చెప్పదు. తలకి నూనె రాస్తున్నప్పుడు, స్కూటీ మీద వెనక కూర్చున్నప్పుడు, ముఖాలు కనబడనప్పుడు మాటలొస్తాయి. మీరే మొదలుపెట్టండి, ప్రశ్న వేయకుండా: "నాన్న వెళ్ళే ముందు నేను కూడా చిరాకు పడ్డాను. చాలా ఇళ్ళల్లో అంతేనట. నాన్నకి ఇది తెలుసు, ఆయన మనసులో పెట్టుకోరు." అని వదిలేయండి. ఆమె ఊ కూడా అనకపోవచ్చు, కానీ వింటుంది. నాన్నకి ఒక ఉత్తరం రాసి కవర్ అంటించమని చెప్పండి, మీరు చదవనని మాటివ్వండి, ఆ మాట నిలబెట్టుకోండి. మీవారు తిరిగొచ్చినప్పుడు గొడవ సంగతి ఆయనే ముందు ఎత్తి, "ఆ రోజు నేనూ గట్టిగా అరిచాను" అంటే సగం పని అయిపోతుంది. ఆయన చేతికి ఫోన్ రాగానే ముందు ఈ ఒక్క విషయం చెప్పండి.

ఇంకొకటి. వంట, తమ్ముడి హోంవర్క్, బిల్లులు, మీ అత్తగారితో మీ చికాకులు, అన్నీ పాపతోనే పంచుకుంటున్నానని రాశారు. ఆమె పనులు చేయడం మంచిదే. మీ మనసులో బాధంతా మోసే స్నేహితురాలిగా మాత్రం ఆమెని చేసుకోకండి. దానికి పెద్దవాళ్ళు కావాలి మీకు. చెల్లెలో, పాత క్వార్టర్స్‌లో పక్కింటావిడో, నేవీ కుటుంబాల సంక్షేమ సంఘం ఎన్‌డబ్ల్యూడబ్ల్యూఏలో ఎవరైనా. మీవారి డివిజనల్ ఆఫీసర్ పేరు, యూనిట్‌లో కుటుంబాల సంగతి చూసేవాళ్ళ నంబర్ మీ దగ్గర రాసుకుని ఉండాలి. అవసరం వచ్చినప్పుడు అడగడానికి మొహమాటపడకండి, నావికుల ఇంటి కష్టసుఖాలు చూడడం డివిజనల్ ఆఫీసర్ బాధ్యతల్లో ఒకటి.

ఇది మీ గురించి కూడా. తండ్రి దూరంగా ఉన్నప్పుడు పిల్లలు ఎలా ఉంటారన్నది ఇంట్లో ఉన్న తల్లి ఎలా ఉందన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడుతుందని సైనిక కుటుంబాల మీద జరిగిన పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చెప్పాయి. ఇది విని మీ మీద ఇంకో భారం పడిందనుకోకండి. మీరు తిని, పడుకుని, మనుషులతో మాట్లాడితే అది పిల్లలకి చేసిన సేవే అని దాని అర్థం. అన్ని వేళలా నవ్వుతూ ఉండక్కర్లేదు. బాత్రూమ్‌లో కొళాయి తిప్పి ఏడ్చి వస్తే పిల్లలకి తెలియదనుకుంటున్నారు. కళ్ళు చూసి కనిపెట్టేస్తారు, అడగడానికి భయపడతారు. "నాన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది, ఇప్పుడు ఫర్వాలేదు, పద అన్నం తిందాం" అనేయండి. ఏడుపు వస్తుంది, పోతుంది, తర్వాత అన్నం తింటాం అని వాళ్ళు అలా నేర్చుకుంటారు.

కష్టాల్లోంచి తేరుకునే పిల్లల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన ఆన్ మాస్టెన్ అనే మనస్తత్వవేత్త 2001లో చెప్పిన సంగతి నాకు చాలా నచ్చుతుంది. అలాంటి పిల్లల్లో ప్రత్యేకమైన శక్తులేమీ ఉండవట. పట్టించుకునే ఒక పెద్దమనిషి, వేళకి తిండి, నిద్ర, స్కూల్, ఒకరిద్దరు స్నేహితులు, ఇలాంటి మామూలు విషయాలు చెడిపోకుండా ఉండడమే అసలు బలమట. కాబట్టి కొత్తగా యోగా క్లాసులూ, పర్సనాలిటీ కోర్సులూ వెతక్కండి. శుక్రవారం ఇంట్లో పూరీలు చేసుకునే అలవాటుంటే నాన్న లేకపోయినా శుక్రవారం పూరీలే చేయండి.

టీవీ వార్తలు పిల్లల ముందు తగ్గించండి. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ రోజున మన ఊళ్ళో సివిల్ డిఫెన్స్ మాక్‌డ్రిల్ జరిగింది గుర్తుందా? మనకి అది డ్రిల్. నాన్న సముద్రంలో ఉన్న పిల్లలకి సైరన్ వేరుగా వినబడుతుంది. యుద్ధం మాట వింటే "నీకేం అర్థమైంది" అని ముందు అడగండి. వాళ్ళకి ఉన్న భయానికే జవాబు చెప్పండి, లేనిది కలపకండి. "నాన్నకి ఏమీ కాదు" అని ఒట్టు వేయడం కంటే "నాన్న వాళ్ళు ఏళ్ళ తరబడి ట్రైనింగ్ తీసుకున్నారు, ఒకరినొకరు చూసుకుంటారు" అనడం నిజం, నమ్మదగ్గది.

మీవారు తిరిగొచ్చాక అంతా సర్దుకుంటుందని రాశారు. సర్దుకుంటుంది, కానీ వచ్చిన రోజే కాదు. మొదటి వారం పండగలా గడిచి, రెండో వారంలో చిక్కులు మొదలవుతాయి. తను లేనప్పుడు నడిచిన ఇంటి పద్ధతుల్లోకి ఆయన వచ్చి ఫోన్ టైమ్, మార్కులు, పడుకునే వేళ ఒక్కసారిగా మార్చబోతారు. కొన్నాళ్ళు ఏ రూలూ మార్చొద్దని ముందే చెప్పండి. రోజూ ఒక అరగంట బాబుతో, ఒక అరగంట పాపతో విడివిడిగా ఉంటే చాలు. ఒకవేళ ఆయనకే నిద్ర పట్టకపోవడం, మందు ఎక్కువవడం, ఊరికే చేయి లేవడం ఉంటే పిల్లల సంగతి పక్కనపెట్టి ముందు ఆయనకి వైద్యం చూడాలి.

ముంబై గురించి ఇప్పుడే ఎక్కువ చెప్పను. ఆర్డర్ వచ్చాక చెప్పండి పిల్లలకి, పుకారుగా ఉన్నప్పుడు వద్దు. వెళ్ళడం ఖాయమైతే కేంద్రీయ విద్యాలయం ఒకసారి ఆలోచించండి, సిలబస్ దేశమంతా ఒకటే, బదిలీ మీద వచ్చే సైనికుల పిల్లలకి ప్రవేశాల్లో ప్రాధాన్యం ఉంటుంది. స్నేహితులకి సరిగ్గా వీడ్కోలు చెప్పుకోనివ్వండి. వెళ్ళాలా, మీరు ముగ్గురూ ఇక్కడే ఉండిపోవాలా అన్నది పాపని అడగండి, కానీ నిర్ణయం మీ ఇద్దరిదేనని ముందే చెప్పి అడగండి. లేకపోతే రేపు ఏ ఇబ్బంది వచ్చినా తన వల్లే అనుకుంటుంది.

ఎప్పుడు కౌన్సిలర్ కావాలి? రెండు వారాలకు మించి నిద్ర, తిండి చెడినా, స్కూల్‌కి అసలు వెళ్ళలేకపోతున్నా, ఇష్టమైనవన్నీ వదిలేసినా, తనకి తాను హాని చేసుకున్నట్టు గుర్తులు కనబడినా, "నేను లేకపోతే బాగుండు" లాంటి మాట వచ్చినా ఆలస్యం చేయొద్దు. చివరి రెండూ అయితే అదే రోజు. "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అడిగినందుకు పిల్లలకి గుండె తేలికవుతుంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఏ వేళైనా చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. సైనికుల, వారి కుటుంబాల కోసం 2023 డిసెంబర్‌లో పుణె ఆర్మ్‌డ్ ఫోర్సెస్ మెడికల్ కాలేజీలో దీనికి ప్రత్యేక విభాగం కూడా మొదలైంది. నేరుగా చూపించాలంటే కళ్యాణిలో పిల్లల డాక్టర్‌ని అడిగి మానసిక వైద్యుడికి రాయించుకోండి. బయట చూపించుకోవాలంటే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. దీనివల్ల మీవారి సర్వీస్‌కి ఇబ్బందా అన్న భయం చాలామంది భార్యల్లో చూశాను. మెడికల్ కేటగిరీ అన్నది ఆయన ఆరోగ్యం బట్టి వేసేది, పిల్లల చికిత్సకి దానితో సంబంధం లేదు.

ఈ వారానికి మూడు పనులు చాలు: బాబుకి యూరిన్ పరీక్ష, మామయ్యగారితో ఆ మాట, పాప చేతికి ఒక కవరూ కాగితాలూ. పరీక్షలో ఏమొచ్చిందో ఇక్కడే రాయండి, తర్వాత ఏం చేయాలో దాన్నిబట్టి చెప్తాను.